ఓసీడీకి తెలుగులో ఆన్‌లైన్ కౌన్సెలింగ్: సెషన్లు తీసుకోవచ్చు, చాట్ మాత్రం వద్దు

ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని పోగొట్టుకోవడానికి పదే పదే చేసే పనులతో వేధించే మానసిక సమస్య) అనగానే చాలామందికి చేతులు పదే పదే కడుక్కోవడం, తాళం వేశామో లేదో మళ్లీ మళ్లీ చూసుకోవడం గుర్తుకు వస్తాయి. నాకున్నది ఆ రకం కాదు. కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్నప్పుడు పాప వంటింట్లోకి వస్తే, నా చేతులతోనే దానికి ఏదైనా హాని చేసేస్తానేమోనన్న ఆలోచన వస్తుంది. ఆ వెంటనే కత్తిపీట తీసి అటక మీద పెట్టడం, మనసులో దండకం చదువుకోవడం, "నేను అలాంటిదాన్ని కాదు కదా" అని మా వారిని అడగడం మొదలవుతాయి. ఈ సమస్యకు తెలుగులోనే వీడియో కౌన్సెలింగ్ ఇస్తున్న ఒక ఆన్‌లైన్ సంస్థ సేవల గురించి ఈ సమీక్ష.

మాట్లాడినవారు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉన్న క్లినికల్ సైకాలజిస్టు. మొదటి సెషన్‌లో ఓసీడీ తీవ్రతను కొలిచే యేల్-బ్రౌన్ స్కేలులోని పది ప్రశ్నలు అడిగారు. దానిలో గరిష్ఠ స్కోరు 40. ఆ ఆలోచన ఎంత భయంకరమైనదన్న దానికంటే, రోజులో ఎంత సమయం తినేస్తోంది, అది వచ్చాక నేనేం చేస్తున్నాను అన్న విషయాలనే ఆవిడ ఎక్కువగా అడగడం నాకు నచ్చింది.

ఈ సేవలో అసలైన విలువంతా ఆలోచనను మరో కోణంలో చూడటం నేర్పిన తీరులో ఉంది. ఏ జబ్బూ లేనివారికి కూడా ఇలాంటి ఆలోచనలే వస్తాయని 1978లో రాచ్‌మన్, డిసిల్వా అనే పరిశోధకులు చూపించారనీ, తేడా అంతా ఆ ఆలోచనకు మనం కట్టే అర్థంలోనూ, దాన్ని వదిలించుకోవడానికి పడే పాట్లలోనూ ఉందనీ ఆవిడ వివరించారు. తర్వాత "నేను పాపకు హాని చేస్తాను" అని నా చేత రాయించి, దాని కింద "పాపకు హాని చేస్తానన్న ఆలోచన నాకు ఇప్పుడు వచ్చింది" అని రాయించారు. అంతకు మించి ఒక్క మాట కూడా కలపనివ్వలేదు. నువ్వు మంచి తల్లివే అని చెబుతారేమోనని ఎదురుచూశాను కానీ, "ఆ మాట నేనంటే మీకు ఓ గంట హాయిగా ఉంటుందండీ, రేపు మళ్లీ అదే అడుగుతారు" అన్నారు. కొత్తగా రాసిన వాక్యానికి కూడా ఒక షరతు పెట్టారు: ఆలోచన వచ్చినప్పుడు ఒక్కసారే అనుకోవాలి, రెండోసారి అనుకుంటే అదీ దండకం కిందే లెక్క.

ఆ పైన ఎక్స్‌పోజర్ అభ్యాసం, అంటే భయపెట్టే పరిస్థితిని తప్పించుకోకుండా కొద్దికొద్దిగా ఎదుర్కోవడం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ చేసిన చికిత్సతో మొదలైన పద్ధతి ఇది. పాప హాల్లో ఉండగా చిన్న చాకుతో టమాటాలు కోయడంతో ప్రారంభించి, అది వంటింటి గడప దగ్గర బొమ్మలు వేసుకుంటుండగా కత్తిపీట మీద కూర తరగడం దాకా మెట్టు మెట్టుగా తీసుకెళ్లారు. గుండె దడదడలాడుతున్నా దండకం చదవకుండా, ఎవరినీ అడగకుండా పని పూర్తిచేయాలి. ఒక సెషన్‌కు మా వారినీ, అత్తగారినీ కూర్చోబెట్టి, నేను అడిగినప్పుడల్లా ధైర్యం చెప్పడం మానేయమన్నారు. "కోడలు ఏడుస్తుంటే ఎలా ఊరుకుంటామమ్మా" అని అత్తగారు వాదించినా, పక్కన కూర్చోండి గానీ జవాబు మాత్రం ఇవ్వకండని ఓపిగ్గా ఒప్పించారు.

ఇంత జాగ్రత్తగా కట్టినదాన్ని ఆ సంస్థ యాప్ పక్క నుంచి కూలుస్తోంది. ప్యాకేజీలో 24 గంటల చాట్ సౌకర్యం ఉంది. అర్ధరాత్రి "నేను ప్రమాదకరమైన మనిషినా?" అని అడిగితే, "కంగారు పడకండి, మీరు ఎంతో ప్రేమగల అమ్మ" అని క్షణాల్లో జవాబు వస్తుంది. మా వారిని మానేయమన్న పనినే యాప్ డబ్బు తీసుకుని చేస్తోందన్నమాట! ప్రతి ఉదయం వచ్చే కార్డులైతే చెడు ఆలోచనను తోసేసి మంచి ఆలోచనను నింపుకోమంటాయి. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పాక ఆ ఆలోచనే ఎలా వెంటపడుతుందో వెగ్నర్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం 1987లోనే చూపించింది. ఓసీడీ ఉన్నవారికి ఇలాంటి కార్డులు పంపడం అజాగ్రత్త అనే అంటాను.

సెషన్ 50 నిమిషాలు, రుసుము 1,200 రూపాయలు. సాయంత్రపు వేళలు త్వరగా నిండిపోతాయి. మందుల విషయానికి సైకియాట్రిస్టు దగ్గరకు పంపారు. ఓసీడీలో మెదడులో సెరటోనిన్ మీద పనిచేసే ఎస్ఎస్ఆర్ఐ మందుల ప్రభావం తెలియడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చన్న సంగతి ముందే చెప్పడం వల్ల మధ్యలో ఆపేయాలన్న ఆత్రం కలగలేదు. ఈ ఖర్చు భరించలేనివారు 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు, 14416 నంబరులో, ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అది వారం వారం సాగే చికిత్సకు బదులు కాకపోయినా, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికి పనికివస్తుంది.

చేరదలచినవారు చాట్ లేకుండా సెషన్లు మాత్రమే కావాలని అడగండి. ఆ ఏర్పాటు వెబ్‌సైట్‌లో కనిపించదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గట్టిగా అడిగితే ఇస్తున్నారు, నెలకు కొంత డబ్బు కూడా తగ్గుతుంది.