స్నాప్‌జీనా, బెంచ్‌లింగా? ప్లాస్మిడ్ డిజైన్‌కి ఏది మేలు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, "అన్నా, స్నాప్‌జీన్ కొనాలా, బెంచ్‌లింగ్ సరిపోతుందా?" అని అడిగేవాళ్లు వరసకడతారు. రెండూ ప్లాస్మిడ్‌ని, అంటే జీన్లు మోసే చిన్న గుండ్రటి డీఎన్‌ఏని, కంప్యూటర్‌లో డిజైన్ చేసుకునే సాఫ్ట్‌వేర్లు. ఈమధ్య ఆ ప్రశ్నలోకి సెల్లో అనే మూడో పేరు కూడా వచ్చి చేరింది. మూడింటినీ ఒకే తక్కెడలో వేయడం కుదరదు కాబట్టి ముందు సెల్లో సంగతి తేల్చేద్దాం.

సెల్లో చేసే పనే వేరు. మిగతా రెండూ మీ దగ్గరున్న డీఎన్‌ఏని చూపిస్తాయి, ఇక్కడ కోసి అక్కడ అతికిస్తే ఏం వస్తుందో చెబుతాయి. సెల్లోకి డీఎన్‌ఏతో మొదలుపెట్టక్కర్లేదు. జీన్లతో కట్టే సర్క్యూట్ ఏం చేయాలో వెరిలాగ్‌లో (ఎలక్ట్రానిక్ సర్క్యూట్లని వర్ణించే భాష) రాసిస్తే, జీన్ పని మొదలయ్యే చోటైన ప్రమోటర్లు, దాన్ని ఆపే రిప్రెసర్లు తనే ఏరుకుని సీక్వెన్స్ చేతికిస్తుంది. మన కాలేజీల్లో ఈసీఈ చదివి ఇటువైపు వచ్చినవాళ్లకి ఇది చూడగానే ప్రాణం లేచొస్తుంది, ల్యాబ్ ఎగ్జామ్‌లో రాసిన అదే వెరిలాగ్ మరి! ఎంఐటీలో క్రిస్ వోయిట్, బోస్టన్ యూనివర్సిటీలో డగ్లస్ డెన్స్‌మోర్ బృందాలు కలిసి 2016లో దీన్ని ప్రచురించాయి. ఈ. కోలై బ్యాక్టీరియా కోసం దీంతో 60 సర్క్యూట్లు డిజైన్ చేస్తే 45 అన్ని స్థితుల్లోనూ అనుకున్నట్టే పనిచేశాయి. బయాలజీలో ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ సర్క్యూట్లలోని లాజిక్ గేట్లన్నీ ఒక ఫలానా స్ట్రెయిన్‌లో (బ్యాక్టీరియా రకంలో), ఫలానా కల్చర్ పరిస్థితుల్లో కొలిచినవి. మీ స్ట్రెయిన్ వేరైతే ఆ కొలతలు వర్తిస్తాయన్న గ్యారంటీ లేదు. మళ్లీ కొలుద్దామంటే అదే ఒక పీహెచ్‌డీ పని. మీ ప్రాజెక్టు సర్క్యూట్ లాజిక్ మీదే అయితే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. వెళ్లినా, అది ఇచ్చిన సీక్వెన్స్‌ని తెరిచి చూడటానికి మిగతా రెండింట్లో ఒకటి కావాల్సిందే.

ఇక అసలు పోటీకి వద్దాం. డీఎన్‌ఏ ముక్కల్ని అతికించే పద్ధతులైన రెస్ట్రిక్షన్ క్లోనింగ్, గిబ్సన్, గోల్డెన్ గేట్ రెండింట్లోనూ చేసి చూడొచ్చు. ప్రైమర్లు (డీఎన్‌ఏ కాపీ మొదలుపెట్టే చిన్న ముక్కలు) డిజైన్ చేసుకోవచ్చు, సీక్వెన్సింగ్ రీడ్ వచ్చాక మ్యాప్‌తో పోల్చుకోవచ్చు. ఫీచర్ల పట్టిక పక్కపక్కన పెట్టి టిక్కులు లెక్కపెడితే ఏమీ తేలదు. జీన్‌లో ఎక్కడ కోయాలో చూపే క్రిస్పర్ గైడ్లు ఎక్కువగా డిజైన్ చేసేవాళ్లకి బెంచ్‌లింగ్ సుఖం. నెట్ సరిగా లేని హాస్టల్లో కూర్చుని పనిచేసేవాళ్లకి స్నాప్‌జీన్ నయం, అది మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. బెంచ్‌లింగ్ బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి నెట్ పోతే పని ఆగినట్టే. డబ్బు సంగతి అందరికీ తెలిసిందే: బెంచ్‌లింగ్ విద్యాసంస్థల వాళ్లకి ఉచితం, స్నాప్‌జీన్‌కి ఏటా చందా కట్టాలి. మ్యాప్ తెరిచి చూడటానికైతే స్నాప్‌జీన్ వ్యూయర్ ఊరికే దొరుకుతుంది కానీ, దాంట్లో క్లోనింగ్ సిమ్యులేట్ చేయలేం.

ఎక్కువమంది ఈ డబ్బు దగ్గరే ఆగిపోయి బెంచ్‌లింగ్ వైపు మొగ్గుతారు. నేను అడిగేది ఇంకో ప్రశ్న: ఈ ప్లాస్మిడ్ కట్టినవాళ్లు ల్యాబ్ వదిలి వెళ్లిపోయాక, ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత వచ్చేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

ఒక ఉదాహరణ చూడండి. గోల్డెన్ గేట్‌లో మనం మామూలుగా వాడేది బీఎస్‌ఏ-1 ఎంజైమ్. అది జీజీటీసీటీసీ అనే వరసని గుర్తుపట్టి, కాస్త అవతల కోసి నాలుగక్షరాల కొసలు వదులుతుంది. అందరి ఫ్రీజర్లలో ఉండే పీయూసీ19 ప్లాస్మిడ్ ఉంది కదా, 2686 బేస్ పెయిర్లది, దాని ఆంపిసిలిన్ రెసిస్టెన్స్ జీన్ (ఆ యాంటీబయాటిక్‌ని తట్టుకునేలా చేసేది) లోపలే ఈ సైట్ ఒకటి కూర్చుని ఉంటుంది. దాన్ని అలాగే వాడితే ఎంజైమ్ వెక్టర్‌ని (మన జీన్‌ని మోసే ఆ ప్లాస్మిడ్‌ని) మధ్యలో కూడా కోసేస్తుంది. అందుకని జీన్‌లో ఒక్క అక్షరం మారుస్తారు, అమైనో ఆమ్లం మారకుండా సైట్ మాత్రం పోయేలా. ఇంతవరకూ బాగానే ఉంది. రెండేళ్ల తర్వాత కొత్తగా చేరిన అమ్మాయి ఆ ప్లాస్మిడ్‌ని సీక్వెన్స్ చేయించి, పీయూసీ19 రిఫరెన్స్‌తో పోలుస్తుంది. ఒక అక్షరం తేడా కనిపిస్తుంది. అది కావాలని చేసిన మార్పా, మ్యుటేషనా? ఆమె చేతిలో ఉన్నది "ఫైనల్_న్యూ_2" అనే జెన్‌బ్యాంక్ ఫైల్. దాంట్లో సీక్వెన్స్ ఉంటుంది, ఫీచర్ల పేర్లు ఉంటాయి, కారణం ఉండదు. సీనియర్ ఏ దేశంలో పోస్ట్‌డాక్ చేస్తున్నాడో వెతికి మెయిల్ పెట్టాలి. ఆయన జవాబిచ్చేదాకా టెన్షనే.

స్నాప్‌జీన్ నాకు నచ్చేది సరిగ్గా ఇక్కడే. ఆ మార్పుని ప్రైమర్లతో సిమ్యులేట్ చేసి సేవ్ చేస్తే, ఆ ప్రైమర్లు, వాడిన ఎంజైములు, తల్లి ప్లాస్మిడ్ అన్నీ ఆ ఒక్క ఫైల్ లోపలే ఒక వంశవృక్షంలా ఉండిపోతాయి. హిస్టరీలోకి వెళ్లి పైనున్న పూర్వీకుణ్ణి నొక్కితే దాని సీక్వెన్స్ మొత్తం తెరుచుకుంటుంది. ఫైల్‌ని మెయిల్‌లో పంపినా, పెన్‌డ్రైవ్‌లో పెట్టినా చరిత్ర దాని వెంటే వెళుతుంది. జెన్‌బ్యాంక్‌గా ఎక్స్‌పోర్ట్ చేశారా, ఆ చరిత్ర రాలిపోతుంది. అందుకే అసలు ఫైల్‌ని ఎప్పుడూ పక్కన ఉంచుకోమంటాను.

బెంచ్‌లింగ్‌లో చరిత్ర ఉండదని కాదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అదీ దాస్తుంది. నోట్‌బుక్ పక్కనే ఉంటుంది కాబట్టి "ఎందుకు" అన్నది కూడా అక్కడే రాసుకోవచ్చు. నిజానికి నలుగురు కలిసి పనిచేసేటప్పుడు దీనికి సాటి లేదు. మీరు మార్చింది అవతలివాళ్లకి వెంటనే కనిపిస్తుంది, ఒకే ప్లాస్మిడ్‌కి నాలుగు కాపీలు పుట్టుకురావు. చిక్కల్లా ఆ చరిత్ర ఫైల్‌లో కాక అకౌంట్‌లో ఉండటం. విద్యార్థి తన సొంత ప్రాజెక్టులో, ఎవరికీ షేర్ చేయకుండా డిజైన్ చేసుకుని వెళ్లిపోతే ల్యాబ్‌కి మిగిలేది ఎక్స్‌పోర్ట్ చేసిన జెన్‌బ్యాంక్ ఫైలే. మళ్లీ మొదటికొచ్చాం. మొదటి రోజే గైడ్ ప్రొఫెసర్ పేరు మీద ప్రాజెక్టు తెరిచి అందరినీ అందులోకి చేర్చే క్రమశిక్షణ ఉన్న ల్యాబ్‌కి ఈ బాధ లేదు. అలాంటి ల్యాబులు ఎన్నున్నాయో మీకు తెలుసు, నాకు తెలుసు.

పేటెంట్ ఆలోచన ఉన్న పనైతే, సీక్వెన్సులు బయటి సర్వర్‌లో పెట్టడానికి మీ సంస్థ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. యూటా యూనివర్సిటీకి చెందిన వేన్ డేవిస్ రాసిన ఏప్ చిన్నది, ఉచితం, పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. సీక్వెన్స్ చూసి చిన్న మార్పులు చేసుకోవడానికి చాలు. యూజీన్ ఓపెన్ సోర్స్, అలవాటు పడటానికి టైమ్ పడుతుంది. జీనియస్ ప్రైమ్ ఖరీదైనది, ఫైలోజెనీ (పరిణామ వంశవృక్షాలు), సీక్వెన్స్ అసెంబ్లీ లాంటి పనులు కూడా ఉన్నవాళ్లు చూసుకోవచ్చు.

కాబట్టి ప్లాస్మిడ్లు ఏళ్ల తరబడి చేతులు మారే ల్యాబ్ అయితే నా ఓటు స్నాప్‌జీన్‌కే. అందరికీ లైసెన్స్ అక్కర్లేదు. ల్యాబ్ కంప్యూటర్‌లో ఒకటి ఉంచి క్లోనింగ్ అంతా అందులో చేయండి, చూసుకోవడానికి మిగతావాళ్లు వ్యూయర్ వేసుకుంటారు. ఒక్క ఐజెమ్ (విద్యార్థుల సింథటిక్ బయాలజీ పోటీ) టీముల విషయంలో మాత్రం మాట మారుస్తాను. అక్కడ ఏడాదిలో పని అయిపోవాలి, డజను మంది తలో చోట నుంచి ఒకే డిజైన్ మీద పడతారు, చేతిలో డబ్బుండదు. వాళ్లు బెంచ్‌లింగే తీసుకోవాలి, కాకపోతే ప్రాజెక్టుని టీమ్ లీడర్ పేరు మీద కాకుండా ఫ్యాకల్టీ మెంటర్ అకౌంట్‌లో తెరవాలి.