అండమాన్ ప్యాకేజీలో "జరావా విలేజ్ విజిట్" అని ఉంటే అడ్వాన్స్ కట్టకండి

చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్లు, ముఖ్యంగా ఈ సెలవులకి అండమాన్ వెళ్దామని ప్యాకేజీలు చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. టీనగర్, కోడంబాక్కం, పెరంబూర్ వైపు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక తెలుగు పాంప్లెట్ తిరుగుతోంది. నీలం సముద్రం, కొబ్బరిచెట్లు, పక్కన విల్లు పట్టుకున్న ఒక గిరిజనుడి బొమ్మ. కింద పెద్ద అక్షరాలతో "జరావా విలేజ్ విజిట్, నికోబార్ వన్ డే కల్చర్ టూర్, బారెన్ అగ్నిపర్వతం మీద ల్యాండింగ్" అని ఉంటుంది. మా కుటుంబం, మా తోడల్లుడిగారి కుటుంబం కలిసి ఆ ప్యాకేజీలోనే వెళ్లి వచ్చాం. మనిషికి ముప్పై రెండు వేలు, విమానం టికెట్లు వేరే. సగం డబ్బు ముందే కట్టించుకున్నారు.

పాంప్లెట్‌లో రాసిన ఆ మూడింటిలో ఒక్కటి కూడా టూరిస్టుకి అమ్మగలిగేది కాదు. ఒకటి నేరం. ఒకటి పాస్ లేకుండా కుదరదు. మూడోది అసలు లేదు.

ముందు జరావాల సంగతి చెప్తాను, నా బాధంతా అక్కడే ఉంది. దక్షిణ, మధ్య అండమాన్ దీవుల పడమటి అడవుల్లో ఉండే ఆదివాసులు వీళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 380 మంది. మన అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల్లో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. 1990ల చివరి వరకు బయటివాళ్లతో వాళ్లు పెద్దగా కలవలేదు. కలవడం మొదలయ్యాక 1999లో ఒకసారి, 2006లో మరోసారి తట్టు సోకింది. మనకి చిన్నప్పుడే టీకా పడుతుంది, వచ్చినా తట్టుకుంటాం. వాళ్ల ఒంటికి ఆ జబ్బుల అలవాటే లేదు. పక్కనే గ్రేట్ అండమానీలు అని ఇంకో జాతి ఉంది. 1858లో బ్రిటిష్‌వాళ్లు ఖైదీల కాలనీ పెట్టేనాటికి వేలల్లో ఉన్నవాళ్లు, 2011 నాటికి 44 మంది మిగిలారు. అందులో జబ్బుల పాత్ర చాలా పెద్దది.

అందుకే వాళ్లున్న అడవిలోకి వెళ్లడం, మాట్లాడించడం, ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం అన్నీ చట్టరీత్యా నేరాలు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ ఉంది, 2012లో దాన్ని ఇంకా గట్టి చేశారు. ఆ ఏడాది జనవరిలో, తిండి ఆశ చూపి జరావా ఆడవాళ్ల చేత డాన్స్ చేయించిన వీడియో ఒకటి బయటకొచ్చి దేశమంతా గొడవైంది. "మనుషుల సఫారీ" అని అప్పట్లో పేపర్లు రాశాయి. ఇది జరిగి ఇన్నేళ్లయినా అదే సఫారీని తెలుగులో పాంప్లెట్ వేసి అమ్ముతున్నారంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

డబ్బు కట్టేముందు నేను ఏజెంట్‌ని నేరుగా అడిగాను, "ఇది చట్టానికి విరుద్ధం కదండీ" అని. "అన్నా, అది విలేజ్ అని రాశామంతే, మీరు వెళ్లేది గవర్నమెంట్ రోడ్డు మీదే, కాన్వాయ్‌లో పోలీసులే తీసుకెళ్తారు. మాదీ నెల్లూరే, మనవాళ్లకి నేను అన్యాయం చేస్తానా" అన్నాడు. మీతోనూ ఇదే అంటాడు. రోడ్డు మాట నిజమే. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి బారాటాంగ్ వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర జరావా రిజర్వులోకి వెళ్తుంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ (బారాటాంగ్‌కి దాటే రేవు) దాకా దాదాపు 50 కిలోమీటర్లు అడవే. రోజులో కొన్ని వేళల్లో మాత్రమే, ముందూ వెనకా పోలీసు బందోబస్తుతో బండ్లన్నీ వరసగా వదులుతారు. ఆగకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు, అద్దాలు దించకూడదు. రిజర్వులో ఉన్న ఆ రోడ్డు భాగాన్ని మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పటికీ మూయలేదు. బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూడటానికి వెళ్లేవాళ్లకి ఈ రోడ్డు దారి మాత్రమే. ఈ ఏజెంట్ మాత్రం ఆ దారినే చూడాల్సిన చోటుగా అమ్ముకుంటున్నాడు.

వెళ్లిన రోజు జరిగింది ఇది. మొదటి కాన్వాయ్ ఉదయం ఆరింటికి కాబట్టి మూడున్నరకే హోటల్ నుంచి బయలుదేరాలి. హోటల్ గేటు దగ్గర ఏజెంట్ తాలూకు లోకల్ కుర్రాడు ఒక క్యారీబ్యాగ్ తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాడు. అందులో అరటిపళ్లు, గ్లూకోజ్ బిస్కెట్లు, ఎర్ర గుడ్డ ముక్కలు. "గిఫ్ట్ కిట్ మేడమ్, పదిహేను వందలు. మధ్యలో డ్రైవర్ స్లో చేస్తాడు, అద్దం దించి చూపించండి, వాళ్లే దగ్గరికొస్తారు, పిల్లలకి ఫొటో బాగా వస్తుంది." మా ఆవిడ ఆ సంచి తిరిగి అతని చేతిలోనే పెట్టేసింది. అతను వెళ్లి ముందు సీట్లో పడేసి పోయాడు, పైగా డబ్బులు బిల్లులో కలిపాడు.

మా డ్రైవర్ శ్రీకాకుళం వైపు మనిషి. వాళ్ల తాతగారి కాలంలోనే అక్కడికి వెళ్లి స్థిరపడ్డారట. పోర్ట్ బ్లెయిర్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు, బజారులో తెలుగు బాగానే వినిపిస్తుంది. జిర్కాటాంగ్‌లో టీ కొట్ల ముందు బండ్లు బారుగా ఆగి ఉన్నాయి. అందరి పేర్లు, ఐడీ నంబర్లు ఫారం మీద రాసి పోలీసులకి ఇచ్చి వచ్చాక ఆయన ఆ సంచి చూశాడు. చూసి కాసేపు ఏమీ అనలేదు. తరవాత దాన్ని తీసుకెళ్లి టీ కొట్టు బల్ల మీద వదిలేసి వచ్చి అన్నాడు: "సార్, అద్దాలు పైకెత్తేయండి. అమ్మా, పిల్లల ఫోన్లు బ్యాగులో పెట్టించండి. నేను స్లో చెయ్యను. నా లైసెన్సు పోతుంది, మీరు కేసులో ఇరుక్కుంటారు. అదలా ఉంచండి, మన జలుబు వాళ్లకి అంటుకుంటే ఆ పిల్లలు తట్టుకోలేరు. ఈ చెన్నై ఆఫీసులకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు."

దారిలో రోడ్డు వారన కొందరు కనిపించారు. వాళ్లు ఎలా ఉన్నారో, ఏం చేస్తున్నారో ఇక్కడ రాయను. బండి ఆగకుండా వెళ్లిపోయింది, అంతే. ఆ డ్రైవర్ లేకపోతే, ఏజెంట్ చెప్పినట్టు చేసే ఇంకెవరైనా ఉంటే మా రెండు కుటుంబాలు పోలీస్ స్టేషన్‌లో ఉండేవి. ఏజెంట్ మాత్రం చెన్నైలో ఏసీ గదిలో కూర్చుని ఇంకొకరికి పాంప్లెట్ పంపుతూ ఉండేవాడు.

ఇక నికోబార్. దీని కోసం "ట్రైబల్ పాస్ ప్రాసెసింగ్" పేరుతో మనిషికి రెండున్నర వేలు అదనంగా వసూలు చేశాడు. అక్కడికి వెళ్లాక "పాస్ రిజెక్ట్ అయింది సార్, గవర్నమెంట్ పని, మన చేతుల్లో లేదు" అన్నారు. నేను పాస్‌లు చూసే ఆఫీసుకి వెళ్లి కనుక్కుంటే మా పేర్లతో అసలు దరఖాస్తే రాలేదు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఈ మోసం ముందే తెలిసిపోతుంది. కార్ నికోబార్ పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న ఊరేం కాదు, అండమాన్‌కీ నికోబార్‌కీ మధ్యనున్న పది డిగ్రీల చానల్ అనే సముద్రం దాటాలి, ఓడలో రాత్రంతా పడుతుంది. "ఒక్కరోజులో నికోబార్ చూపించి సాయంత్రానికి తీసుకొస్తాం" అన్నవాడు మ్యాప్ కూడా చూడలేదన్నమాట. కార్ నికోబార్ లాంటి గిరిజన రిజర్వు దీవుల్లోకి మామూలు టూరిస్టుగా వెళ్లడం కుదరదు, ప్రభుత్వం పాస్ ఇవ్వాలి. 2004 సునామీలో ఊళ్లకి ఊళ్లు పోగొట్టుకుని మళ్లీ నిలబడినవాళ్లు నికోబారీలు. మన వినోదం కోసం ఎవరో వాళ్ల దీవిని ప్యాకేజీలో కలిపేస్తే ఊరుకోకూడదు.

బారెన్ దీవి మన దేశంలో ఉన్న ఒకే ఒక్క సజీవ అగ్నిపర్వతం. దాని మీద దిగనివ్వరు. దూరంగా ఓడలోంచి చూడటమే. మాకు ఆ ఓడ కూడా లేదు, "వెదర్ బాగాలేదు" అని చెప్పి ఒక మార్కెట్ దగ్గర దింపేశారు.

హావ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్) వెళ్లే రోజు ఇంకో టెన్షన్. ప్రైవేటు క్యాటమరాన్ టికెట్లని ఇచ్చిన కాగితాల మీద పేర్లు మావి కావు. జెట్టీలో ఐడీ కార్డుతో పేరు సరిపోల్చి గానీ ఎక్కించరు. మా తోడల్లుడుగారు ఎండలో పరుగెత్తి, సొంత డబ్బుతో ప్రభుత్వ ఫెర్రీలో సీట్లు దొరికించుకుంటే ఆ రోజు గడిచింది. హోటల్‌లో రెండు రాత్రులు అని చెప్పి ఒక రాత్రికే కట్టారు. ఈ గొడవలన్నీ చెప్తూ పోతే తెల్లారుతుంది, వదిలేస్తున్నాను.

ఇలాంటి ఏజెంట్ దగ్గర కొనకముందే తేడా పట్టే గుర్తు ఒకటి చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. షెడ్యూల్‌లో "చిడియా టాపు సన్‌సెట్, సాయంత్రం 6.30" అని ఉంది. అండమాన్ మనకి బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదు దాటాక సూర్యుడు ఉండడు. ఆరున్నరకి చిడియా టాపులో మీకు కనిపించేది చీకటే. అలాగే వండూర్ నుంచి జాలీ బాయ్ దీవికి సోమవారం ట్రిప్ అని రాసి ఉంటే నమ్మకండి, ఆ దీవి ఉన్న మెరైన్ నేషనల్ పార్కుకి సోమవారం సెలవు. జాలీ బాయ్ కూడా ఏడాది పొడవునా తెరిచి ఉండదు, కొన్ని నెలలు దాన్ని మూసి రెడ్ స్కిన్ దీవికి పంపుతారు. షెడ్యూల్ రాసినవాడు అండమాన్‌లో అడుగు పెట్టాడో లేదో ఇలాంటి చిన్న విషయాల్లోనే బయటపడుతుంది.

"అక్కడ నెట్‌వర్క్ ఉండదు, అందుకే మొత్తం ఇక్కడే క్యాష్‌గా కట్టేయండి" అన్నా ఒప్పుకోకండి. చెన్నై నుంచే సముద్రం అడుగున కేబుల్ వేశారు, 2020 ఆగస్టు నుంచి పనిచేస్తోంది. హావ్‌లాక్‌లో కూడా మేం యూపీఐ వాడాం. హోటల్ పేరు అడిగి మీరే ఫోన్ చేసి బుకింగ్ ఉందో లేదో కనుక్కోండి. ఫెర్రీ టికెట్ మీద మీ పేరు కనపడేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి. జీఎస్టీ నంబరుతో బిల్లు అడగండి, ఆ నంబరు జీఎస్టీ పోర్టల్‌లో ఎవరి పేరున ఉందో నిమిషంలో తెలుస్తుంది. మాకు ఇచ్చిన రసీదులో నంబరే లేదు, డబ్బు వెళ్లింది ఒక వ్యక్తి ఖాతాకి.

పిల్లలు ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఆ లోకల్ కుర్రాడే బీచ్‌లో పగడం ముక్కలు, గవ్వలు ఏరి "ఫ్రీ" అంటూ మా పిల్లల జేబుల్లో పోశాడు. పగడాలకి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వర్తిస్తుంది, చచ్చిన ముక్క అయినా సరే. విమానాశ్రయంలో బ్యాగులు చూసి పట్టుకుంటారు. మేం బయలుదేరే ముందు రాత్రే అన్నీ తిరిగి బీచ్‌లో వదిలేయించాం.

ఇదంతా చదివి అండమాన్ వద్దనుకోకండి, వెళ్లండి. బారాటాంగ్‌లో మడ చెట్ల మధ్య సన్నటి పాయలోంచి పడవ వెళ్తుంటే పైన కొమ్మలు రెండు వైపుల నుంచీ కలిసిపోయి ఉంటాయి, తల వంచుకుని కూర్చోవాలి. మా చిన్నవాడు అరగంటసేపు నోరు మెదపలేదు. జరావా అడవిలోంచి కాకుండా సముద్రం మీదుగా కూడా బారాటాంగ్ వెళ్లొచ్చు. పడవ ఉందేమో అక్కడే ముందుగా అడగండి, ఉంటే అదే మంచిది. ఆదివాసుల జీవితం తెలుసుకోవాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో ఆంత్రపాలజీ మ్యూజియం ఉంది. నికోబారీల గుడిసె నమూనా, పడవలు, బుట్టలు, వేట సామాను అన్నీ వివరాలతో పెట్టారు. మాకు అక్కడ తెలిసినంత ఇంకెక్కడా తెలియలేదు, దాన్ని ప్యాకేజీలో పెట్టనే లేదు. సెల్యులార్ జైలు చూడటానికి సగం రోజు ఉంచుకోండి, 698 జైలు గదుల్లో ఎందరో మగ్గిన చోటు అది. గంటలో తరిమేస్తే లాభం లేదు.

డబ్బు వెనక్కి అడిగితే "క్యాన్సిలేషన్ పాలసీ" అని ఒక కాగితం పంపాడు, మేం ఎప్పుడూ చూడనిది, సంతకం పెట్టనిది. తరవాత ఫోన్ ఎత్తడం మానేశాడు. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాం. తరవాత చెన్నై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. "జరావా విలేజ్ విజిట్" పాంప్లెట్‌నీ, గిఫ్ట్ కిట్ కలిపిన బిల్లునీ అండమాన్ పోలీసులకి, గిరిజన సంక్షేమ శాఖకి ఈమెయిల్‌లో పంపాం.

ఇదే పాంప్లెట్ మీకు వచ్చి ఉంటే డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచండి. డబ్బు కట్టినవాళ్లు చెల్లింపు వివరాలు, ఏజెంట్ పంపిన వాయిస్ మెసేజ్‌లు కూడా దాచిపెట్టి, ఇక్కడ కామెంట్‌లో కాకుండా నాకు విడిగా మెసేజ్ చేయండి. మా ఫిర్యాదుతో కలిపి వేద్దాం.