లిస్‌ప్రో, ఆస్పార్ట్, ఫియాస్ప్: 16 ఏళ్ల వాడకం

నాకు టైప్ 1 షుగర్. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ ఈ 16 ఏళ్లలో రెండుసార్లు మారింది. మొదటి తొమ్మిదేళ్లు లిస్‌ప్రో, తర్వాత నాలుగేళ్లు ఆస్పార్ట్, గత మూడేళ్లుగా ఫియాస్ప్.

మొదటి మార్పు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లిస్‌ప్రో కొన్నాళ్లు దొరకక డాక్టర్ ఆస్పార్ట్ రాశారు. డోసు యూనిట్‌కి యూనిట్ అదే. తినడానికి పావుగంట ముందు వేసుకోవడం, గంటా రెండు గంటల మధ్య గట్టిగా పనిచేయడం, నాలుగు గంటలకల్లా దాదాపు అయిపోవడం, అన్నీ నా ఒంట్లో ఒకేలా నడిచాయి. ఒక కంపెనీ కార్ట్రిడ్జ్ ఇంకో కంపెనీ పెన్నులో పట్టదు కాబట్టి పెన్ను మాత్రం కొత్తది కొనాల్సి వచ్చింది.

రెండూ ఒకేలా ఎందుకున్నాయో తర్వాత అర్థమైంది. మామూలు ఇన్సులిన్ అణువులు ఆరేసి గుంపులుగా అతుక్కుని ఉంటాయి. చర్మం కింద విడివడితే గానీ త్వరగా రక్తంలోకి వెళ్లవు. ఇన్సులిన్ అణువు రెండు అమైనో ఆమ్లాల గొలుసులతో తయారవుతుంది, వాటిలో ఒకటి బి గొలుసు. లిస్‌ప్రోలో ఆ గొలుసు మీద 28, 29 స్థానాల్లో ఉన్న ప్రోలీన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలను తారుమారు చేశారు. ఆస్పార్ట్‌లో 28వ స్థానంలోని ప్రోలీన్ తీసి ఆస్పార్టిక్ ఆమ్లం పెట్టారు. రెండింట్లోనూ జరిగేది ఆ గుంపు తొందరగా విడిపోవడమే. ఫియాస్ప్‌లో ఉన్నదీ ఆస్పార్టే, కాకపోతే నికోటినమైడ్ అనే బి3 విటమిన్ కలిపారు. దానివల్ల మందు ఇంకాస్త ముందే రక్తంలో చేరుతుంది.

ఆ 'ఇంకాస్త' దగ్గరే నేను దెబ్బతిన్నాను. మారిన నాలుగో రోజు, పాత అలవాటు కొద్దీ పావుగంట ముందే 8 యూనిట్లు వేసుకున్నాను. ఈలోగా ఫోన్ వచ్చింది, మాటల్లో పడిపోయాను. కంచం ముందు కూర్చునేసరికి మెడ వెనక చెమట పట్టింది, చెంచా పళ్లేనికి టకటకా కొట్టుకుంటోంది. షుగర్ 56. గ్లూకోజ్ బిళ్లలు 15 గ్రాములకు సరిపడా నమిలి, గోడ గడియారం చూస్తూ పావుగంట కూర్చున్నాను. మళ్లీ చూస్తే 84. ఫియాస్ప్‌ను తినడం మొదలుపెట్టేటప్పుడు వేసుకోవాలి, కుదరకపోతే మొదలుపెట్టిన 20 నిమిషాల్లోపు. డాక్టర్ చెప్పారు, నేనూ తల ఊపాను. చేతికి మాత్రం పాత టైమే గుర్తుంది. మందు మారిన మొదటి రెండు వారాలూ తిన్న గంటకీ, రెండు గంటలకీ, నాలుగు గంటలకీ షుగర్ చూసుకోండి, దయచేసి ఈ ఒక్కటీ మానకండి.

కుదురుకున్నాక తేడా, ఒంటికి అంటించుకుని షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపించే సెన్సర్ గ్రాఫులో బాగా కనిపించింది. తిన్న గంటకి కొండలా లేచే గీత నాకు చాలావరకు తగ్గింది. షుగర్ పెరిగినప్పుడు వేసుకునే కరెక్షన్ డోసు కూడా త్వరగా అందుకుంటుంది. అలాగని గంటకే మళ్లీ ఇంకో డోసు వేసుకోకూడదు. ముందుది ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుంది, రెండూ కలిసి షుగర్‌ను మరీ పడేస్తాయి.

నూనె, కొవ్వు ఎక్కువున్న భోజనానికి మాత్రం నాకు ఆస్పార్టే నయం. అలాంటి తిండి మెల్లగా అరుగుతుంది. ఫియాస్ప్ ముందే పనిచేసేసి, మూడు గంటలకి షుగర్ పైకి లేస్తుంది. డాక్టర్‌తో మాట్లాడి, అలాంటి పూట డోసును రెండుగా చీల్చుకుంటున్నాను. ఇది నా లెక్క, మీది మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి.

ఇంకొకటి. సూది పదేపదే గుచ్చి గడ్డకట్టిన చోట ఏ ఇన్సులిన్ అయినా సరిగ్గా ఎక్కదు. నా పొట్టకి ఎడమవైపు అలాంటి గడ్డ ఉండేది. ఆస్పార్ట్ పనిచేయడం లేదని కొన్ని నెలలు దాన్నే అనుమానించాను. చోటు మార్చిన వారానికే డోసు తగ్గించాల్సి వచ్చింది. మందు మార్చమని అడిగే ముందు ఒకసారి వేళ్లతో నొక్కి చూసుకోండి.

నేను ఫియాస్ప్‌లోనే ఉంటాను. రాత్రి వేసుకునే బేసల్ (రోజంతా మెల్లగా పనిచేసే ఇన్సులిన్) పెన్నుకి మాత్రం రబ్బరు బ్యాండు చుట్టి ఉంచుతున్నాను, నిద్రమత్తులో చీకట్లోనైనా వేళ్లకు తెలిసేలా.