భూస్థాపన పూజకు ఏ పఠనాలు మేలు?

క్యాథలిక్ ఇంట్లో మరణం సంభవించిన రోజున భూస్థాపన పూజ, అంటే సమాధికి ముందు గుడిలో గురువు అర్పించే పూజ, ఎన్ని గంటలకు, సమాధి ఎక్కడ, దూరాన ఉన్న పిల్లలు ఎప్పటికి చేరుకుంటారు అన్న విషయాలన్నీ తేలాక గాని ఆ పూజలో చదివే బైబిలు పఠనాల మాట రాదు. కుటుంబం కోరికను గమనించి పఠనాలు ఎంచుకోవచ్చునని 1969 నాటి అంత్యక్రియల క్రమం అనే పూజావిధి గ్రంథం గురువులకు (ఫాదర్లకు) చెబుతున్నా, చాలా ఇళ్లలో ఆ ఎంపికను ఉపదేశిగారికే (ఊళ్లో ప్రార్థనలు నడిపించే వ్యక్తికే) వదిలేస్తున్నారు. కుటుంబం ఒక్క అరగంట కూర్చుని ఆలోచిస్తే, ఆ వాక్యం వచ్చిన వారందరికీ ఊరటగా నిలుస్తుందని నా నమ్మకం.

ముందుగా రోజు చూసుకోవాలి. ఆగమన (క్రిస్మస్‌కు ముందు), తపస్సు (ఈస్టరుకు ముందు), పాస్కా (ఈస్టరు) కాలాల ఆదివారాల్లోనూ, పవిత్ర గురువారం నుండి పాస్కా పండుగ వరకూ భూస్థాపన పూజ చేయకూడదు. అప్పుడు వాక్య పఠనంతో భూస్థాపన జరిపి, పూజను తరువాత పెట్టించుకోవచ్చు.

మొదటి పఠనానికి ఎక్కువగా పోటీపడేవి సొలొమోను జ్ఞానగ్రంథం 3వ అధ్యాయం, యోబు గ్రంథం 19వ అధ్యాయం. ఏళ్ల తరబడి మంచం పట్టి బాధపడిన వారికి జ్ఞానగ్రంథమే మేలు. నీతిమంతుల ఆత్మలు దేవుని చేతిలో ఉన్నాయని, వారి బాధ కొలిమిలో బంగారానికి జరిగే పరీక్ష వంటిదని అది చెబుతుంది. అయితే ఒంగోలు, కందుకూరు ప్రాంతాల్లో చాలామంది క్యాథలిక్కులకు బాప్టిస్టు బంధువులు ఉంటారు, వారి బైబిలులో ఈ గ్రంథం ఉండదు. అలాంటి ఇంట యోబు వాక్యమే నా ఎంపిక: తన విమోచకుడు సజీవుడనే ఆ మాట రెండు వైపుల వారికీ చిన్ననాటి నుండి తెలిసినదే కాబట్టి, కన్నీళ్లలో కూడా కలిసి వినగలుగుతారు. చిన్న వయసులో పోయిన వారి విషయంలో మాత్రం, బంధువులకు కొత్తగా అనిపించినా సరే, జ్ఞానగ్రంథం 4వ అధ్యాయాన్ని వదులుకోకూడదు. ఆయుష్షు విలువ ఏళ్ల లెక్కలో లేదని అంత సూటిగా చెప్పే భాగం మరొకటి దొరకదు. పాస్కా కాలంలోనైతే ఈ పోలికే రాదు, అపోస్తలుల కార్యములు గాని దర్శన గ్రంథం (ప్రకటన గ్రంథం) గాని చదువుతారు.

సువిశేషం, అంటే సువార్త పఠనం, దగ్గర ఎంపిక కష్టం. యోహాను 14వ అధ్యాయం, తండ్రి ఇంట అనేక నివాసాలున్నాయన్న భాగం, నిండు జీవితం గడిపి వెళ్లిన పెద్దవారికి చక్కగా అమరుతుంది. కానీ ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు అది కొంచెం తొందరపాటు ఓదార్పుగా వినిపిస్తుంది. ఆమెకు అదే యోహాను 11వ అధ్యాయంలోని మార్త, సహోదరుడు లాజరును పోగొట్టుకున్న స్త్రీ, కావాలి. ప్రభువు ఇక్కడే ఉంటే తన సహోదరుడు చనిపోయేవాడు కాదని మార్త ముఖం మీదే అడిగింది. ఆయన ఆమెను గద్దించకుండా, పునరుత్థానమూ జీవమూ తానేనని చెప్పాడు. ఆ ప్రశ్నకు సువిశేషంలోనే చోటుందని తెలియడం ఆ తల్లికి పెద్ద ఆసరా.

ఇక్కడ వచనాలు కూడా చూసుకోవాలి. అదే అధ్యాయంలో 32 నుండి 45 వరకు ఉన్న భాగంలో యేసు కన్నీరు విడిచాడు గనుక కొందరు దాన్ని ఇష్టపడతారు. అయితే శవం నాలుగు దినాలకు వాసన కొడుతుందన్న మాట కూడా అందులోనే, 39వ వచనంలో ఉంది. విదేశంలో ఉన్న కూతురి కోసం భౌతిక కాయాన్ని ఫ్రీజర్ బాక్సులో ఉంచి ఎదురుచూసిన కుటుంబానికి ఆ మాట గుచ్చుకోవచ్చు. వారికి 17 నుండి 27 వరకు చదివించడమే మేలు.

చదివేవారిగా భార్యను గాని కొడుకును గాని పెట్టకుండా, గొంతు నిలుపుకోగల మేనల్లుడినో పొరుగింటి టీచరుగారినో అడగండి. మొదటి పఠనం తరువాత పాడే భక్తి కీర్తన సంగతి గాయక బృందానికి ముందు రోజు సాయంత్రమే చెప్పాలి. 23వ కీర్తన అందరికీ వచ్చు, 130వది కావాలంటే వారికి కాస్త సాధన అవసరం.