దుబాయ్ స్కూలు సీటుకు బెంగళూరులో డబ్బు కట్టబోయేవారికి హెచ్చరిక: ‘ఇయర్ 4’ అంటే నాలుగో తరగతి కాదు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు ప్రాంతాల్లో ఉంటూ దుబాయ్‌కి మారే ఏర్పాట్లలో ఉన్న తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. 2024లో మా వారికి అక్కడి ప్రాజెక్టు ఖాయమైనప్పుడు, మా అమ్మాయి స్కూలు సీటు కోసం అవుటర్ రింగ్ రోడ్డు మీదున్న ఒక కన్సల్టెన్సీని నమ్మి 85,000 రూపాయలు కట్టాము. పోయింది ఆ డబ్బొక్కటే అయితే ఇంత రాసే పని ఉండేది కాదు. పిల్లకు ఒక విద్యా సంవత్సరం పోయింది. కన్సల్టెన్సీ పేరు గాని, స్కూలు పేరు గాని చెప్పడం లేదు, ఎందుకంటే ఈ పద్ధతిలో పనిచేసేది వారొక్కరే అని నేను అనుకోవడం లేదు.

మా అమ్మాయి ఆ మార్చిలో ఇక్కడి సీబీఎస్ఈ స్కూల్లో మూడో తరగతి పూర్తి చేసింది. దుబాయ్‌లో మన సిలబస్ నడిపే స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి, బ్రిటిష్ సిలబస్ స్కూళ్లు ఆగస్టు నెలాఖరున తెరుస్తారు. మేము వెళ్లేది జులైలో కాబట్టి బ్రిటిష్ స్కూలైతే మధ్యలో చేరే ఇబ్బంది ఉండదని కన్సల్టెన్సీ వారు చెప్పిన మాట సబబుగానే అనిపించింది. ఆ తరువాత, “పాప మూడు పాసయింది కదా మేడమ్, ఇయర్ 4 సీటు కన్ఫర్మ్ అయింది” అని ఫోను చేశారు. ఆఫర్ లెటర్లోనూ ఇయర్ 4 అనే ఉంది. ఆ నాలుగు అంకెను చూసి ఇంటిల్లిపాదీ నాలుగో తరగతి అనుకున్నాము. ఇంగ్లండు పద్ధతిలో ఐదేళ్లు నిండిన పిల్లలు, అంటే మన దగ్గర యూకేజీలో ఉండే వయసువాళ్లు, ఇయర్ 1లో కూర్చుంటారు. అందువల్ల ఇయర్ అంకె ఎప్పుడూ మన తరగతి అంకె కంటే ఒకటి ఎక్కువగా ఉంటుంది. ఇయర్ 4 అంటే మన మూడో తరగతి. మూడు పూర్తి చేసిన పిల్ల వెళ్లవలసింది ఇయర్ 5కి.

స్కూలు తెరిచిన రెండో వారంలో ఏడో ఎక్కం రాసుకు రమ్మని హోంవర్కు ఇచ్చారు. మా అమ్మాయి అది రెండు నిమిషాల్లో రాసి, ఎవరూ అడగకుండానే పక్క పేజీలో పదిహేనో ఎక్కం దాకా రాసి, ఆ నోటుబుక్కు వంటింట్లోకి తెచ్చి నా ముందు పెట్టి, “అమ్మా, ఇక్కడ అన్నీ పోయినేడాదివే చెబుతున్నారు” అంది. సెలవుల తరువాత పాత పాఠాలు ఒకసారి తిరగేయిస్తున్నారేమోలే అని సర్దిచెప్పాను. ఆ మాట ఆ రోజే పట్టించుకోనందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడో వారంలో అడ్మిషన్ల విభాగానికి వెళ్లి అడిగితే, అక్కడి అధికారిణి ఇయర్లకూ గ్రేడ్లకూ పోలిక చూపే పట్టికను తీసి, ఇయర్ 4 ఎదురుగా ఉన్న గ్రేడ్ 3 మీద వేలు పెట్టి చూపించారు. ఆగస్టు 31 నాటికి ఎనిమిది నిండి తొమ్మిది నిండని పిల్లలను ఇయర్ 4లో చేర్చుకుంటామని, అక్టోబరులో పుట్టిన మా అమ్మాయి వయసు ప్రకారం సరైన తరగతిలోనే ఉందని అన్నారు. నిజానికి కర్ణాటకలో అప్పట్లో ఆరేళ్లు నిండకుండానే ఒకటో తరగతిలో చేర్చుకునేవారు కాబట్టి మా పిల్ల ఇక్కడ కొంచెం ముందుంది. స్కూలు వారు కాగితం మీద అబద్ధం ఏదీ రాయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వయసునే ప్రమాణంగా తీసుకుంటారన్న సంగతి తెలిసి ఉండీ మాకు చెప్పనిది మధ్యవర్తి. అప్పటికి రెండు వారాలు దాటాయి. స్కూలుతో మేము సంతకం చేసిన ఒప్పందం ప్రకారం అప్పుడు మానిపిస్తే రెండు నెలల ఫీజు వదులుకోవాలి. పిల్లను అక్కడే ఉంచాము.

రెండో మోసం మాటలతో చేసినది. బ్రోచరు మీద ‘కేహెచ్‌డీఏ యాక్సెప్టబుల్’ అని పెద్ద అక్షరాలతో ఉంటే, అంటే దుబాయ్ ప్రభుత్వ ఆమోదం ఉన్న స్కూలని మాకు అర్థం చెప్పారు. కేహెచ్‌డీఏ అన్నది దుబాయ్ ప్రైవేటు స్కూళ్లను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ. తనిఖీ చేసిన ప్రతి స్కూలుకూ అది ఆరు స్థాయిల్లో ఒకటి ఇస్తుంది: అవుట్‌స్టాండింగ్, వెరీ గుడ్, గుడ్, యాక్సెప్టబుల్, వీక్, వెరీ వీక్. యాక్సెప్టబుల్ అందులో నాలుగోది. ప్రతి స్కూలూ కనీసం గుడ్ స్థాయిలో ఉండాలన్నది అక్కడి ప్రభుత్వ ఆశయం. తనిఖీ నివేదికలు సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఒక్కొక్క ఉపాధ్యాయుడికి ఎంతమంది పిల్లలు, ఏడాదిలో ఎంత శాతం టీచర్లు మానేశారు అన్నది కూడా వాటిలో ఉంటుంది, నా దృష్టిలో ఆ రెండో అంకె రేటింగు కంటే ఎక్కువ చెబుతుంది. 2024-25లో మామూలుగా జరిగే పూర్తి తనిఖీలు జరపలేదు కాబట్టి, రేటింగు ఏ సంవత్సరానిదో కూడా చూసుకోండి. ట్యూషన్ ఫీజు, బస్సు, యూనిఫాం, పుస్తకాల ఖర్చులతో ప్రతి స్కూలుకూ ఫీజుల ఫ్యాక్ట్ షీటు అక్కడే దొరుకుతుంది. అద్దె తక్కువని షార్జాలో ఇల్లు తీసుకుని పిల్లలను అక్కడే చేర్చాలనుకునేవారు మాత్రం గుర్తుంచుకోవాలి, షార్జాకూ అబుదాబికీ పర్యవేక్షక సంస్థలు వేరు.

ఇక టీసీ. అపోస్టిల్ ముద్ర (ఒక దేశపు పత్రాన్ని ఆ ఒప్పందంలో ఉన్న మిగతా దేశాలు నేరుగా ఒప్పుకునేలా వేసే ధ్రువీకరణ) చాలని కన్సల్టెన్సీ వారు చెప్పి దానికి విడిగా డబ్బు తీసుకున్నారు. మేము వెళ్లేనాటికి యూఏఈ అపోస్టిల్ ఒప్పందంలో లేదు. విద్యాశాఖ సంతకం, విదేశాంగ శాఖ ధ్రువీకరణ, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర, ఈ మూడూ కావాలి. మా మామగారు ఎండలో బీఈఓ (బ్లాకు విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరిగి ఆ పని మళ్లీ మొదటినుంచి చేయించారు.

ప్రాజెక్టు ముగిసి 2025 జులైలో బెంగళూరు తిరిగి వచ్చాము. ఇక్కడి స్కూలు వారు ఇయర్ 4 పూర్తయిందన్న పత్రం చూసి, మూడో తరగతికి సమానమని సరిగ్గానే లెక్కగట్టి, నాలుగో తరగతిలో చేర్చుకున్నారు. అపార్ట్‌మెంట్లో కింద ఆడుకునే మా అమ్మాయి పాత స్నేహితురాళ్లందరూ ఇప్పుడు ఐదులో ఉన్నారు. స్కూలు బస్సు ఒకటే, తరగతులు వేరు.

వెళ్లబోయేవారు డబ్బు కట్టకముందే స్కూలు అడ్మిషన్ల విభాగానికి నేరుగా మెయిల్ రాసి, “మా బిడ్డ భారతదేశంలో ఫలానా తరగతి పూర్తి చేసింది, మీ దగ్గర కూర్చోబెట్టే తరగతి భారతీయ పద్ధతిలో ఎన్నో తరగతికి సమానం?” అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. స్కూలుకు చెందవలసిన డిపాజిట్టు స్కూలు ఖాతాకే పంపండి. మేము ‘సీటు బుకింగ్’ అనుకుని కట్టిన 85,000లో ఒక్క రూపాయి కూడా స్కూలుకు చేరలేదు. రసీదు తీసి చూస్తే దాని మీద ‘కన్సల్టేషన్ చార్జీలు’ అని ఉంది, స్కూలు డిపాజిట్టు మేము మళ్లీ వేరుగా కట్టాము.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేశాను. సలహా ఇచ్చాము, దానికే రుసుము తీసుకున్నాము అని కన్సల్టెన్సీ వారు జవాబిచ్చారు. పోయిన వారం అటువైపు వెళ్తూ చూశాను, బోర్డు మీద దుబాయ్ కింద ఇప్పుడు దోహా, మస్కట్ కూడా చేరాయి.