మూడేళ్ల ఫైబర్ నెట్, బీరువా వెనక డబ్బా

గుంటూరులో ఈ మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి వచ్చి మూడేళ్లయింది. అప్పటినుంచీ ఒకటే ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్ ప్లాను, కంపెనీవాళ్లు బిగించిన వైఫై డబ్బానే (రౌటర్) వాడుతున్నాం. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే సగం తప్పు వాళ్లదైతే సగం మా ఇంటిదే, ఏది ఎవరిదో తేల్చుకోవడానికే నాకు ఏడాదిన్నర పట్టింది.

మొదటి ఏడాదంతా నాకు తెలిసిన వైద్యం స్విచ్ కట్టేసి మళ్లీ వేయడమే. మీటింగ్ మధ్యలో అవతలివాళ్ల మొహాలు బిగుసుకుపోయేవి, నేను బెడ్‌రూంలోంచి "అమ్మా, ఒకసారి కట్టేసి వెయ్యవా" అని అరిచేవాణ్ణి, ఆవిడ సీరియల్ వదిలేసి విసుక్కుంటూ లేచేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వాళ్లదీ అదే మంత్రం.

ఓ రోజు డబ్బా మీద ఎర్ర లైటు వెలిగి ఇక ఆరలేదు. వచ్చిన కుర్రాడు ఫైబర్ కొసని చిన్న మీటర్‌లో పెట్టి, "సార్, మైనస్ 29 వస్తోంది, ఇంకేం పట్టుకుంటుందది" అన్నాడు. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుందట, మైనస్ 27 దాటితే ఇలాంటి డబ్బాలు చేతులెత్తేస్తాయట. చూస్తే ఆ సన్నటి పసుపు తీగ సోఫా కాలి కింద నలిగి మడతపడి ఉంది. అక్కడికి కత్తిరించి కొత్త కనెక్టర్ వేశాక మైనస్ 20కి వచ్చింది. సోఫా జరిపింది మేమే, కాబట్టి నోరు మూసుకున్నాను.

ఎర్ర లైటు పోయింది కానీ సాయంత్రం ఏడు దాటితే మళ్లీ అదే గోల. ఈసారి బెడ్‌రూంలో లాప్‌టాప్ పెట్టుకుని రెండు విండోలు తెరిచాను, ఒకదాంట్లో 192.168.1.1కి, అంటే మా డబ్బాకే, రెండోదాంట్లో 8.8.8.8కి, అంటే బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌కి, పింగ్ (ఉన్నావా అని అడిగి జవాబుకి ఎంతసేపు పట్టిందో చూపే కమాండ్) ఆపకుండా నడిపాను. నెట్ ఆగినప్పుడల్లా మా డబ్బానే జవాబు ఇవ్వడంలేదు! హాల్లో 2 మిల్లీసెకన్లలో వచ్చేది ఇక్కడ 400 పట్టేది, లేదా అసలు వచ్చేదే కాదు. అంటే కంపెనీ లైను బాగానే ఉంది, చస్తున్నది ఇంట్లో గాలిలోని వైఫై. ఇది ముందే చేసుంటే ఎన్ని ఫోన్లు తప్పేవో.

ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ వేసి చూస్తే చుట్టుపక్కల వైఫైల పేర్లు 23 కనిపించాయి. మా డబ్బా వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో నడుస్తుంది, ఒక్కో బ్యాండ్‌లో ఛానెళ్లనే దారులుంటాయి. 2.4లో ఎక్కువమంది 6వ ఛానెల్ మీదే, మేమూ అందులోనే. ఆ బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తొక్కుకోనివి 1, 6, 11 మాత్రమే కాబట్టి 11కి మార్చి, ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి తగ్గించాను. కాస్త నయం, అంతే. 5 గిగాహెర్ట్జ్ వేగంగానే ఉంటుంది కానీ గోడలు అంత బాగా దాటదు, పైగా మావాళ్లు డబ్బాని ఇనప బీరువా వెనక పెట్టించారు, కంటికి కనపడకూడదని.

ఈలోగా 1,500 పెట్టి రిపీటర్ (వైఫై సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకు పంపే డబ్బా) కొన్నాను, దండగ. సిగ్నల్ గీతలు నిండుగా చూపిస్తుంది, వేగం మాత్రం సగానికి పడిపోతుంది, ఎందుకంటే అది ఒకే ఛానెల్ మీద వినాలి, మళ్లీ దానిమీదే చెప్పాలి. మీకెవరైనా అమ్మజూపితే వద్దనండి.

చివరికి పనిచేసింది తీగే. గోడ అంచునే 15 మీటర్ల క్యాట్ 6 కేబుల్ (నెట్‌వర్క్ తీగ) లాగి, అటకమీది పాత రౌటర్‌ని బెడ్‌రూంలో యాక్సెస్ పాయింట్‌గా, అంటే తీగలో వచ్చిన నెట్‌ని అక్కడ వైఫైగా ఇచ్చేదిగా, పెట్టాను. దాని ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ (ఇంట్లోని ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ అడ్రసులు పంచే పని, అది పెద్ద డబ్బా చేస్తుంది) ఆపేసి, కేబుల్‌ని బయటి లైనుకోసం ఉండే వాన్ పోర్టులో కాకుండా ఇంట్లో తీగలకోసం ఉండే లాన్ పోర్టులో గుచ్చాలి. మొదటిసారి డీహెచ్‌సీపీ ఆపడం మరిచి ఇంటిల్లిపాదికీ నెట్ లేకుండా చేశాను.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. మధ్యలో డబ్బా దానంతటదే ఆరి వెలుగుతుంటే 12 వోల్టుల అడాప్టర్ మార్చాను, కరెంటు పోయినప్పుడు ఆగకుండా చిన్న యూపీఎస్ పెట్టాను. ఇప్పుడు మీటింగులు తెగడంలేదు. బాల్కనీలో మాత్రం ఇప్పటికీ రాదు, అక్కడ కూర్చుని ఫోన్ చూసే మా నాన్నగారు రోజూ గుర్తుచేస్తూనే ఉంటారు.