స్క్వేర్‌ఫీటు రేటుకు కారు షెడ్డు: నెల్లూరు, ఒంగోలు వెల్డింగ్ షాపుల పని ఎలా ఉంది?

నెల్లూరు మాగుంట లేఅవుట్ లాంటి చోట కారు కోసం విడిగా జాగా కొనే ఆలోచన ఎవరికీ రాదు. ఉన్న ప్లాటులోనే పక్కన మిగిలిన జాగాలో రేకుల షెడ్డు వేయించుకోవడమే దారి. ఆ పనికి ఇక్కడి వెల్డింగ్ షాపులు చెప్పేది ఒకటే లెక్క: అడుగుకి ఇంత. నెల్లూరు, కావలి, ఒంగోలులో మామూలుగా వినబడే రేటు చదరపు అడుగుకి 180 నుంచి 220 రూపాయలు. నాలుగైదు రోజుల్లో నిలబెట్టేస్తారు, చూడ్డానికి నీటుగానే ఉంటుంది. వేగానికి, ధరకి ఈ సేవకు మంచి మార్కులే వేయాలి. బరువుకి, పునాదికి మాత్రం వేయలేం. సముద్రానికి పాతిక కిలోమీటర్ల లోపు ఉన్న ఊళ్ళలో ఆ రెండే ముఖ్యం.

ఉదాహరణకు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు షెడ్డు తీసుకుందాం. 216 చదరపు అడుగులు, అంకణానికి 72 అడుగుల నెల్లూరు లెక్కలో సరిగ్గా మూడు అంకణాలు. క్రెటా సైజు బండికి రెండువైపులా తలుపులు తీసుకునే చోటు ఉంటుంది. ఇన్నోవా క్రిస్టా పొడవు 4735 మిల్లీమీటర్లు, అంటే పదిహేనున్నర అడుగులు. అది కూడా పడుతుంది గానీ ముందూ వెనకా నడవడానికి కొంచెమే మిగులుతుంది.

అడుగు రేటులో పైపు మందం ఎంతో ఎవరూ చెప్పరు. "మూడంగుళాల పైపు సార్" అంటారు. మూడంగుళాల చదరపు పైపు 3 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతుంది, 1.6లోనూ దొరుకుతుంది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇరవై అడుగుల లెంగ్తు తూస్తే మొదటిది 40 కిలోలు, రెండోది 22. షాపువాళ్ళు గేజి అన్నప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: అంకె పెరిగితే మందం తగ్గుతుంది. 14 గేజి అంటే 2 మిల్లీమీటర్లు, 16 అంటే 1.6, 18 అంటే 1.2.

ఈ సైజు షెడ్డుకి సరిగ్గా కట్టాలంటే ఇంత ఇనుము పడుతుంది. 3 మి.మీ. మందం మూడంగుళాల పైపుతో తొమ్మిది అడుగుల స్తంభాలు ఆరు, 110 కిలోలు. పైన నాలుగు బై రెండు అంగుళాల పైపు 2.5 మి.మీ. మందంలో, పొడవు దూలాలు రెండు, అడ్డం మూడు, దాదాపు 120 కిలోలు. రేకుల కింద నాలుగు అడుగులకొకటి చొప్పున రెండంగుళాల పైపు వరసలు నాలుగు, 70 కిలోలు. స్తంభాల అడుగున పది అంగుళాల చదరం, 10 మి.మీ. మందం బేస్ ప్లేట్లు ఆరు, 30 కిలోలు. మొత్తం 330 కిలోలు. అడుగు రేటుకి ఒప్పుకున్న షెడ్డులో స్తంభాలూ దూలాలూ 1.6, వరసలు రెండు బై ఒకటి పైపు 1.2, ప్లేట్లు ఆరంగుళాలవి వేస్తే 175 కిలోలతో పని ముగుస్తుంది. తేడా 155 కిలోలు. కిలో 70 రూపాయలనుకున్నా 11 వేలు దాటదు. ఆ పదకొండు వేల కోసం షెడ్డు బలం సగానికి పోతోంది.

అందుకే బేరం కిలో లెక్కన చేయాలి. పైపు, వెల్డింగ్, ప్రైమర్ కలిపి కిలోకి ఇంత అని మాట్లాడుకుని, కాటా చీటీ చూపించాకే డబ్బు ఇవ్వండి. కిలో రేటు మీద మాట్లాడటానికి ఇష్టపడని షాపుని అక్కడితో వదిలేయడం మంచిది. దీన్లో షాపువాళ్ళు బరువు పెంచే ప్రమాదం ఉంది కాబట్టి పైన చెప్పిన సైజులు ముందే కాగితం మీద రాయించుకోవాలి.

ఇక పునాది. మన తీరానికి భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం చెప్పే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. మన షెడ్డు కప్పు 20 చదరపు మీటర్లు. అంటే పైకి లేపే బలం మూడు టన్నుల దాకా పోవచ్చు. షెడ్డు బరువు రేకులతో కలిపినా 430 కిలోలే. మిగతా బలానికి గుంటల్లోని కాంక్రీటు బరువే ఎదురు నిలవాలి. మామూలుగా తవ్వేది అడుగు బై అడుగు, లోతు అడుగున్నర. అలాంటి గుంటలు ఆరింటిలో పట్టే కాంక్రీటు 600 కిలోలు. రెండడుగుల చదరం, రెండున్నర అడుగుల లోతు తవ్వితే ఆరింటికీ నాలుగు టన్నులు వస్తుంది. సిమెంటు 14 బస్తాలు పడుతుంది. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. మూడువైపులా గోడో రేకో కట్టి ముందు షట్టర్ పెట్టే ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. షట్టర్ తెరిచి ఉన్నప్పుడు గాలి లోపల చిక్కి కప్పుని ఇంకా గట్టిగా లేపుతుంది.

స్తంభాన్ని నేరుగా గుంటలో నిలబెట్టి కాంక్రీటు పోస్తామంటే వద్దనండి. నేల అంచున తడి నిలిచి సరిగ్గా అక్కడే తుప్పు తినేస్తుంది, పైకి రంగు బాగానే ఉన్నా సరే. కాంక్రీటు దిమ్మని నేలకి ఆరంగుళాలు పైకి తెచ్చి, 16 మి.మీ. జె-బోల్టులు (కింది చివర వంకీ తిరిగినవి) ప్లేటుకి నాలుగు చొప్పున అందులో వేసి, స్తంభాన్ని దాని మీద బిగించాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో గుంట ఇంకాస్త లోతు తీసి అడుగున ఇసుక పోయాలి. లేకపోతే ఎండాకాలం నేల బీటలు తీసినప్పుడు దిమ్మలు కదిలి దూలాల అతుకులు విడిపోతాయి. ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం వైపు ఉప్పు బోరు నీళ్ళతో కాంక్రీటు కలపనివ్వకండి. మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించుకోండి.

రేకుల విషయంలో షాపులు బాగానే చేస్తున్నాయి. 0.50 మి.మీ. కలర్ రేకు మీటరు వెడల్పు కప్పుతుంది కాబట్టి ఆరు రేకులు, ఒక్కొక్కటి 13 అడుగులు. రేకు కింది వైపు కంపెనీ పేరు, మందం అచ్చు వేసి ఉంటాయి, దించేటప్పుడే చూసుకోండి. తీరానికి జింకు ఒక్కటే పూసిన రేకు కంటే అల్యూమినియం, జింకు కలిసిన పూత ఉన్నదే మేలు. పని చెడిపోయేది బిగింపులో. రేకుని గ్రైండరుతో కోస్తారు, ఎగిరిన నిప్పురవ్వలు రంగు మీద పడి అతుక్కుంటాయి. నెల తిరక్కముందే ఆ చుక్కలన్నీ ఎర్రబడతాయి. కత్తెరతో కోయమనండి. స్క్రూలని రబ్బరు వాషరు నలిగేంత బిగిస్తే ఈశాన్య ఋతుపవనం వచ్చేసరికి ప్రతి స్క్రూ దగ్గరా కారుతుంది. వాలు పన్నెండడుగులకి అడుగు ఉండాలి, ఇంటి గోడకి ఎదురు దిక్కుకి. గోడకి ఆనించే చోట పైన మడత రేకు వేసి, దాని అంచు గోడలోకి గాడి తీసి దూర్చాలి. సిలికాన్ పూసి వదిలేస్తే ఒక్క ఎండాకాలానికే ఊడిపోతుంది.

రంగు దగ్గర చాలా షాపులు నిరాశ పరుస్తాయి. రెడ్ ఆక్సైడ్ ఒక పూత, పైన ఎనామిల్ ఒక పూత, అంతే. ఉప్పుగాలికి అది చాలదు. వెల్డింగ్ అతుకుల మీద పెచ్చు కొట్టి, గ్రైండ్ చేసి, ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు వేయించాలి. పైపు చివరలన్నీ ప్లేటు పెట్టి మూసేయాలి. తెరిచి ఉంటే లోపలినుంచి తుప్పు మొదలవుతుంది, అది పైకి కనబడేసరికి పైపు అయిపోయినట్టే.

ఇలా చేయిస్తే ఖర్చు ఇనుము పని 35 వేలు, రేకులు 11 వేలు, పునాది 14 వేలు, రంగు, స్క్రూలు, వాన నీళ్ళు పోయే గట్టరు 6 వేలు. మొత్తం 66 వేలు, అడుగుకి 305 రూపాయలు. స్లాబు వేయిస్తే దీనికి మూడింతలు దాటుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినా ఆ తేడా పూడదు. మేడ మీద గది వేసే ఉద్దేశం ఉన్నవాళ్ళకే స్లాబు.

అడ్వాన్సు ఇచ్చే ముందు మీ వార్డు ప్లానింగ్ సెక్రటరీకి ఇంటి ప్లాను చూపించండి. సెట్‌బ్యాక్‌గా, అంటే ప్లానులో ఇంటి చుట్టూ ఖాళీగా ఉంచాలని వదిలిన జాగాలో స్తంభాలు పాతితే తరవాత నోటీసు రావచ్చు. డబ్బు మూడు భాగాలుగా ఇవ్వడం మేలు: పైపులు కాటా వేసి ఇంటికి దించాక ఒకటి, ప్రైమర్ ఆరాక ఒకటి, కప్పు మీద పైపుతో అరగంట నీళ్ళు కొట్టి కారడం లేదని చూశాక చివరిది.